సరదా లైసెన్సా, ఉద్యోగ లైసెన్సా?

మహబూబ్‌నగర్‌లో విమానం పిచ్చి ఉన్న పిల్లలకు ఒకటే సందేహం: సరదాకి నడిపే పీపీఎల్‌తో (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) ఆగాలా, ఉద్యోగానికి పనికొచ్చే సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) దాకా వెళ్లాలా? పీపీఎల్‌కు పది పాసై, 17 ఏళ్లు నిండితే చాలు. పరీక్షలు రాసి కనీసం 40 గంటలు ఎగరాలి. స్నేహితులను ఎక్కించుకోవచ్చు, కిరాయి మాత్రం తీసుకోకూడదు.

సీపీఎల్ లెక్క వేరు. మొత్తం 200 గంటలు, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా. పీపీఎల్ గంటలూ ఇందులో కలుస్తాయి. ఇప్పటి నిబంధన ప్రకారం ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. సీఈసీ వాళ్లు ఓపెన్ స్కూల్‌లో రాసుకోవచ్చు.

అసలు టెన్షన్ మెడికల్‌ది. పీపీఎల్‌కు క్లాస్ 2 మెడికల్ సర్టిఫికెట్ సరిపోతుంది, సీపీఎల్‌కు ఇంకా కఠినమైన క్లాస్ 1 కావాలి. నన్నడిగితే, నాన్న పొలం బేరం పెట్టకముందే అది తేల్చుకోవాలి. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే ఆపైన టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత) ఖర్చూ ఉంటుంది మరి.