పాత మోరిస్‌కు సీటు బెల్టులు, రేడియల్ టైర్లు: పదేళ్లు దాటిన వాడకం

మా మోరిస్ మైనర్ 1958 మోడల్, నాలుగు తలుపుల సెలూన్. భుజం మీదుగా, నడుం మీదుగా వచ్చే మూడు బిందువుల సీటు బెల్టు వోల్వో కార్లలో వచ్చింది 1959లో. అంటే ఆ బెల్టు కంటే మా కారు ఏడాది పెద్దది. నాన్న ఇన్నేళ్లు నడిపినా ఇందులో బెల్టు ఉండాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. 2014లో బెల్టులు పెట్టించి, టైర్లు మార్పించాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాదాపు 46 వేల కిలోమీటర్లు తిరిగాం. పాత కారుకు ఈ పని చేయించాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, మేం చేసిన పొరపాట్లతో సహా రాస్తున్నాను.

2014లోనే, ఈ పనులేవీ చేయించక ముందు, ఒక వానరోజు ముందు వెళ్తున్న బండి ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు గట్టిగా తొక్కాను. చక్రాలు తిరగడం ఆగిపోయింది కానీ కారు జారుతూనే ఉంది. ఆ బండికి జానెడు దూరంలో ఆగాం. పక్క సీట్లో ఉన్న నాన్న నుదురు ముందు అద్దం అంచుకు కొట్టుకుంది. "ఏం కాలేదులేమ్మా" అంటూనే రుమాలు తీసి అదుముకున్నారు. రెండు కుట్లు పడ్డాయి.

మర్నాడు టైర్ల దగ్గర కూర్చుని చూశాను. గాట్లు కొత్తవాటిలా నిండుగా ఉన్నాయి. పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే వరుస చివర 3103 అని ఉంది. 2003వ సంవత్సరం 31వ వారంలో తయారైందని దానర్థం. పదకొండేళ్ల రబ్బరు. గోరుతో నొక్కితే చెక్కను నొక్కినట్టు ఉంది. పాత కార్లు తిరిగేది తక్కువ కాబట్టి టైరు అరగకముందే ముసలిదైపోతుంది. గాట్ల లోతు చూసి ధైర్యపడకండి, ఆ నాలుగు అంకెలు చూడండి.

ముందు బెల్టుల సంగతి. బెల్టు కొనడం ఎంతసేపు? దాన్ని దేనికి బిగించాలన్నదే అసలు పని. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 14వది బెల్టు బిగించే చోట్ల గురించి. మామూలు కార్లకు పెట్టే పరీక్షలో భుజం పట్టీని, నడుం పట్టీని ఒక్కోదాన్ని 1,350 డెకాన్యూటన్ల బలంతో లాగుతారు. అంటే ఒక్కోదానికి సుమారు 1,380 కిలోల బరువు వేలాడదీసినట్టు. మా కారు మొత్తం బరువే 800 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఈ లెక్క తెలిశాక, పలచటి నేల రేకుకు చిల్లు పెట్టి కింద ఒక వాషర్ వేసి బిగిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. రేకు చిరిగి బోల్టు ఊడి చేతికొస్తుంది.

మెకానిక్ తలుపుల కింద పొడవునా ఉండే సిల్‌కు ఒక కొస బిగిద్దామన్నాడు. పైన రంగు నిగనిగలాడుతోంది, ఎక్కడా ఉబ్బు లేదు. ఎందుకో అనుమానం వచ్చి స్క్రూడ్రైవర్ మొన పెట్టి బొటనవేలితో నొక్కాడు. అప్పడంలో దిగినట్టు లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే మొనతో పాటు ఎర్రటి తుప్పు పొడి రాలింది. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అస్థిపంజరం. అందులో సిల్ వెన్నెముక లాంటిది. బెల్టుల పని పక్కన పెట్టి, రెండు వైపులా సిల్ మార్పించడానికే ఆరు వారాలు పట్టింది. బెల్టు గురించి ఆలోచించకపోయి ఉంటే ఆ కుళ్లు ఇంకెన్నాళ్లు దాగి ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ఆ తర్వాత ముందు, వెనక తలుపుల మధ్య ఉండే పిల్లర్ పైన, సిల్ దగ్గర, నేల మధ్యలో పొడవునా ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ పక్కన మందపాటి ప్లేట్లు వెల్డింగ్ చేసి, వాటి వెనక నట్లు అతికించారు. సీటు బెల్టులకు ఎక్కువగా వాడేది 7/16 అంగుళాల బోల్టు, అంగుళానికి 20 థ్రెడ్లు. బెల్టుతో పాటు వచ్చిన బోల్టులే వాడాలి, హార్డ్‌వేర్ కొట్టులో దొరికే మామూలువి వద్దు. పై బిందువు భుజం ఎత్తుకు తగ్గకూడదు. తగ్గితే ప్రమాదంలో పట్టీ భుజాన్ని కిందికి లాగి వెన్నును నలిపేస్తుంది. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి.

నాన్నకు మొదట్లో ఇష్టం లేదు. "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకమ్మా, బండికి చిల్లులు పెట్టడం?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అందుకే బయటికి కనిపించే చోట ఒక్క చిల్లు కూడా పెట్టించలేదు.

మొదట పెట్టించినవి రీల్ లేని బెల్టులు, అంటే తమంతట తాము చుట్టుకోనివి, పొడవు మనమే సరిచేసుకోవాల్సినవి. పాత కారుకు అవే అందమనిపించింది. ఏడాదిన్నర వాడాక తీసేశాను. పొడవు సరిచేసి బిగించుకుంటే మనిషి కదలలేరు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి చోక్ పిడి లాగాలన్నా, వైపర్ స్విచ్ నొక్కాలన్నా చెయ్యి అందదు. దాంతో అందరూ ఏం చేస్తారు? వదులు చేసుకుంటారు. నేనూ అదే చేశాను. పట్టీకీ ఛాతీకీ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంటే ఆ బెల్టు పెట్టుకున్నా సగం పెట్టుకోనట్టే. ఒకరి తర్వాత ఒకరు నడిపే ఇంట్లో ప్రతిసారీ సరిచేసుకోవడం జరిగే పని కాదు.

రీల్ ఉన్న బెల్టులు వేయించాక ఆ ఇబ్బంది పోయింది. కానీ ఒక నెల వేరే తలనొప్పి. బెల్టు లాగితే వచ్చేది కాదు, మధ్యలో పట్టేసేది. రీల్‌లో ఒక చిన్న గుండు లాంటిది ఉంటుంది. కారు ఒరిగినా, ఉన్నట్టుండి వేగం తగ్గినా అది కదిలి తాళం వేస్తుంది. మా పిల్లర్ నిట్టనిలువుగా లేదు, కొంచెం వాలుగా ఉంది. రీల్ ఆ వాలుతోనే కూర్చోవడంతో కారు ఎప్పుడూ ఒరిగే ఉందని అది అనుకుంటోంది. వాలుకు తగ్గ బ్రాకెట్ పెట్టి నిలువుగా కూర్చోబెట్టాక ఇన్నేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా మొరాయించలేదు. కొనేటప్పుడే ఏ కోణంలో బిగించేదో అడిగి తీసుకోండి. పట్టీ మురికిపడితే వెనక్కి వెళ్లడం మందగిస్తుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తుడిచి నీడన ఆరనిస్తే చాలు, బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి. వాడేసిన బెల్టులు చవకగా వస్తున్నాయని ఎప్పుడూ కొనొద్దు. అవి ఒకసారి ప్రమాదం భారం మోశాయో లేదో మనకు తెలియదు.

బెల్టు ఉంది కదా అని ఈ కారు కొత్త కారైపోదు. స్టీరింగ్ రాడ్ గుద్దినప్పుడు ముడుచుకునే రకం కాదు, సీటుకు తల ఆనించే దిండు లేదు. వెనక సీటుకు నడుం పట్టీలు మాత్రమే పెట్టించగలిగాను. చిన్నపిల్లల సీటుకు అవి చాలవు కాబట్టి మా మేనల్లుడిని ఇందులో ఎక్కించుకోం. వాడు అలిగినా సరే.

ఇక టైర్లు. ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. కారుకు అసలు వచ్చినవి 5.00-14 సైజు క్రాస్‌ప్లై టైర్లు, అంటే పాతకాలపు రకం. రేడియల్ వేద్దామనుకున్నప్పుడు ఎత్తు లెక్కేశాను. టైరు సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, చివరిది అంగుళాల్లో రిమ్ సైజు. 145/80 ఆర్14 ఎత్తు 588 మిల్లీమీటర్లు, 165/70 ఆర్14 ఎత్తు 587. రెండూ ఒకటే కదా, వెడల్పు ఎక్కువుంటే పట్టు ఎక్కువని 165 వేయించాను. మా రిమ్ వెడల్పు మూడున్నర అంగుళాలే. అంత సన్నటి రిమ్ మీద ఆ టైరు రెండు వైపులా నొక్కేసినట్టు ఉబ్బి కూర్చుంది. మలుపుల్లో కారు ఒక క్షణం ఆలస్యంగా తిరిగేది, పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పితే భుజాలు లాగేసేవి. ఆరు నెలలకు టైరు నడుమ భాగం అరిగి, అంచులు అలాగే ఉన్నాయి. ఎత్తుతో పాటు, ఏ వెడల్పు రిమ్‌కు ఏ టైరు నప్పుతుందో తయారీదారు పట్టికలో చూడాలని అప్పుడు తెలిసింది. 145కు మారాక కారు తేలిక పడింది.

క్రాస్‌ప్లైకీ రేడియల్‌కీ తేడా మొదటి రోజే తెలిసింది. క్రాస్‌ప్లైలో దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. రేడియల్‌లో ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా ఉండి, పైన గాట్ల కింద విడిగా ఒక పట్టీ ఉంటుంది. అందువల్ల పక్కగోడ వంగినా గాట్ల భాగం నేలకు పరుచుకునే ఉంటుంది. ఇదివరకు రోడ్డు మీద గీత పడి ఉంటే కారు ఆ గీత వెంటే పోయేది, నేను స్టీరింగ్‌తో కుస్తీ పట్టేదాన్ని. ఇప్పుడు ఆ బాధ లేదు. వానలో బ్రేకు వేస్తే ఆగే దూరంలో తేడా కాలికే తెలుస్తుంది.

మార్చేటప్పుడు స్టెప్నీతో కలిపి ఐదూ మార్చండి. ఒకే ఇరుసు మీద ఒకటి క్రాస్‌ప్లై, ఒకటి రేడియల్ అసలే వద్దు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై కూడా ప్రమాదమే. ముందు పట్టు ఎక్కువై మలుపులో కారు వెనక భాగం జారిపోతుంది.

మా రిమ్‌లు ట్యూబ్ కోసం చేసినవి కాబట్టి రేడియల్ లోపల కూడా ట్యూబ్ వేశాం. రెండో నెలలో ఒక టైరు రోజూ కొంచెం కొంచెం గాలి తగ్గడం మొదలైంది. విప్పితే మేకు లేదు, ముల్లు లేదు. టైరు లోపలి గోడకు గోరంత కాగితం స్టిక్కర్ అంటుకుని ఉంది. అది రాసుకుని రాసుకుని ట్యూబ్ మీద సరిగ్గా అదే ఆకారంలో నిగనిగలాడే మచ్చ పడింది, మచ్చ మధ్యలో సూది మొనంత చిల్లు. అప్పటి నుంచి టైరు ఎక్కించే ముందు నేనే లోపల చేయి పెట్టి తడిమి, స్టిక్కర్లు గీకేసి, పౌడర్ చల్లాకే ట్యూబ్ పెట్టనిస్తాను.

గాలి ముందు 24, వెనక 26 పీఎస్ఐ దగ్గర మా కారు కుదురుగా ఉంది. టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి కొంచెం దూరం నడిపితే గీత అంతటా సమానంగా చెరగాలి. అంచులే చెరిగితే గాలి తక్కువ, నడుమే చెరిగితే ఎక్కువ.

ఆ 145ల మీద ఎనిమిదేళ్లు తిరిగాం. గాట్లు ఇంకా ఉన్నా పక్కగోడ మీద వెంట్రుకంత పగుళ్లు కనిపించగానే తీసేశాను. కొత్తవి ఐదు తెప్పిస్తే అందులో రెండింటి మీద తేదీ మూడేళ్ల కిందటిది. ఆ రెండూ వెనక్కి పంపి, వేరేవి వచ్చేదాకా కారును స్టాండ్ల మీదే ఉంచాను. ఆ వారం రోజులూ నాన్న పొద్దున్నే వచ్చి, వాటి తేదీ సరిగా ఉందో లేదో వచ్చాక తానే చూస్తానని చెప్పి వెళ్లేవారు.