‘బ్రాండ్ న్యూ’ థ్రాటిల్ బాడీ అని మసి తుడిచిన పాతది అంటగట్టి, చివరికి నన్నే దొంగని చేశారు

నిన్న సాయంత్రం ఆ ఆన్‌లైన్ పార్టుల షాపువాళ్ళతో ఫోన్లో మాట్లాడినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది, రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. పేరు రాయను. పాత చిన్న కార్లకి పార్టులు ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా, ఏం వెతికినా మొదట తగిలేది వాళ్ళే, ప్రతి ఫొటో మీదా ‘100 శాతం ఒరిజినల్’ అనే ముద్రతో సహా.

నా బండికి 15 ఏళ్ళు. పెట్రోలు ఇంజను, కేబుల్‌తో లాగే పాతరకం థ్రాటిల్ (యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం, దాని సెట్టునే థ్రాటిల్ బాడీ అంటారు). రెండు నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు వణుకు. 800 దగ్గర నిలకడగా ఉండాల్సిన ఆర్పీఎం ముల్లు 500కి జారడం, మళ్ళీ 1000కి ఎగరడం, ఒక్కోసారి అటునుంచి అటే ఇంజను ఆగిపోవడం, వెనక హారన్ల మోత. ఏసీ వేస్తే మరీను. కానీ యాక్సిలరేటర్ మీద కాలు పెడితే మాత్రం అసలేమీ జరగనట్టు చక్కగా పోయేది (ఈ ముక్క గుర్తుంచుకోండి, నా తెలివితక్కువతనం మొత్తం ఇక్కడే ఉంది). ప్లగ్గులు మార్చా, ఎయిర్ ఫిల్టర్ మార్చా, తేడా లేదు. బండి కంప్యూటర్‌కి స్కానర్ పెడితే రెండు తప్పుల కోడ్‌లు వచ్చాయి, పీ0505, పీ0171. మొదటిది ఐడిల్ కంట్రోల్ గురించి, అంటే కాలు తీసేసినప్పుడు ఇంజన్ని ఆగిపోకుండా నిలకడగా తిప్పే ఏర్పాటు. రెండోది ఇంజన్‌కి వెళ్ళే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. నేను మొదటిది చదివి అక్కడే ఆగిపోయాను. ఐడిల్‌లో గాలిని సరిచేసే ఐడిల్ వాల్వ్ పోయింది, అది ఉండేది థ్రాటిల్ బాడీ మీదే, సెట్టు మొత్తం మార్చేస్తే పీడా వదిలిపోతుంది అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నా. పెద్ద ఇంజనీర్ని కదా.

ఆర్డర్ పెట్టేముందు చాట్‌లో అడిగా, ఇది పూర్తిగా కొత్తదేనా, రీకండిషన్ చేసింది కాదు కదా అని. "బ్రాండ్ న్యూ సార్, కంపెనీ సీల్‌తో వస్తుంది" అన్నారు. పాతది వెనక్కి ఇస్తే ధరలో తగ్గింపు అన్నారు. అబ్బ, ఎంత మంచివాళ్ళో అనుకున్నా.

డబ్బా వచ్చింది. మూత తీయగానే గుప్పున కార్బ్ క్లీనర్ వాసన, పార్టుల మీద మసి వదలగొట్టే స్ప్రే అది. కొత్త సామానుకి ఆ వాసన ఎందుకొస్తుంది అని అప్పుడే అడగాల్సిన బుర్ర ఎక్కడికి పోయిందో తెలీదు. తళతళా మెరుస్తోంది, అదే చూసి మురిసిపోయి అరగంటలో బిగించేశా. స్టార్ట్ చేస్తే బాగానే ఉంది. చల్లటి ఇంజన్‌కి మొదట్లో ఆర్పీఎం ఎక్కువ ఉంటుంది, పెట్రోలు కూడా ఎక్కువే పోతుంది కాబట్టి వణుకు బయటపడదు, అది నాకు తెలిసిన విషయమే, అయినా ఆ సంబరంలో తట్టలేదు. పాతది తీసుకెళ్ళడానికి వచ్చిన కొరియర్ అబ్బాయికి నా పాత థ్రాటిల్ బాడీ కవర్లో పెట్టి మరీ ఇచ్చి పంపించా. గంట తర్వాత బండి బయటికి తీస్తే మొదటి సిగ్నల్లోనే ఆగిపోయింది. అదే వణుకు, అదే ముల్లు.

ఇంటికొచ్చి మళ్ళీ విప్పి టార్చ్ వేసి చూస్తే కళ్ళు తెరుచుకున్నాయి. లోపల గాలిని ఆపే పలక ఇరుసు మూలల్లో గుడ్డ అందని చోట గట్టి నల్ల మసి. ఐడిల్ వాల్వ్ స్క్రూల తలలు ఎవరో స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టినట్టు అరిగిపోయి ఉన్నాయి. వాల్వ్ విప్పితే దాని మొన మీద ఏళ్ళ తరబడి పేరుకున్న బొగ్గు. ‘ఒరిజినల్’ స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటే గోటితో లాగా, కింద పసుపు పెయింటు మార్కర్‌తో రాసిన అంకెలు సగం చెరిగి కనిపించాయి. తుక్కు కింద వెళ్ళిన బండ్లలోంచి పీకిన పార్టుల మీద రాస్తారే, అలాంటివి.

ఫొటోలు పంపా. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నిన్న నేనే ఫోన్ చేశా. మొదట ఒకమ్మాయి మర్యాదగానే మాట్లాడి ఎవరో పెద్ద సారుకి ఇచ్చింది. ఆయన నా మాట పూర్తిగా విన్లేదు కూడా. "చూడండి, మేం కొత్తదే పంపాం. మీ బండిలోది విప్పి మా డబ్బాలో పెట్టి ఫొటో తీస్తే రిఫండ్ ఇవ్వడానికి మేం పిచ్చోళ్ళం కాదు. మీలాంటోళ్ళని రోజుకి పదిమందిని చూస్తాం" అన్నాడు. ఒక్క క్షణం నోట మాట రాలేదు. తేరుకుని అడిగా, నా బండిలోది తగ్గింపు కోసం మీ కొరియరే తీసుకెళ్ళాడు కదండీ, అది మీ దగ్గరే ఉంటే నేను ఫొటో తీసింది దేన్ని అని. అవతల నిశ్శబ్దం. వెనక ఎవరో టేపు చర్రుమని లాగి డబ్బా అతికిస్తున్న చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడింది. తర్వాత గొంతు సవరించుకుని "ఎక్స్ఛేంజ్ వేరే డిపార్ట్‌మెంట్ సార్, అది మాకు సంబంధం లేదు. పైగా బిగించేసిన పార్టుకి రిటర్న్ లేదు" అని పెట్టేశాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ ‘మీలాంటోళ్ళు’ అన్న మాట మాత్రం చెవిలోంచి పోవట్లేదు.

అసలు కామెడీ ఇంకా ఉంది. రాత్రి మా బావమరిది వచ్చాడు. ఇంజను ఆన్‌లో పెట్టించి, టార్చ్ పట్టుకుని, ఇంటేక్ మానిఫోల్డ్ (థ్రాటిల్ నుంచి సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) కిందికి వెళ్ళే వేలంత లావు రబ్బరు పైపుని ప్లయర్‌తో మెల్లగా నొక్కాడు. వణుకు టక్కున ఆగింది. వదిలాడు, మళ్ళీ మొదలు. "బావా, నీ థ్రాటిల్ ఏం చేసింది పాపం" అన్నాడు. పీసీవీ పైపు అది, ఇంజన్ అడుగున పుట్టే ఆవిరిని మళ్ళీ ఇంటేక్‌లోకి పంపేది. ఆయిల్ ఆవిరికి నాని మెత్తబడి, వంపు దగ్గర అడుగువైపు చీలిపోయింది, పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. గాలిని లెక్కపెట్టే సెన్సర్ దాటాక అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోతోంది. ఐడిల్లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ కాస్త లీకే చాలా ఎక్కువ, కాలు నొక్కితే అసలు గాలే అంత పోతుంటే ఈ కాస్తా లెక్కలోకి రాదు. అందుకే సిగ్నల్లో చచ్చి, రోడ్డు మీద బతికేది. పీ0171 మొదటి రోజే చెప్పింది, నేనే విన్లేదు. స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ (గాలి ఎక్కువైందని కంప్యూటర్ అదనంగా పోయిస్తున్న పెట్రోలు శాతం) చూస్తే ఐడిల్లో ప్లస్ 22, ఇంజన్ని 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 4. ఇంతకన్నా విడమరిచి ఏ ఇంజనైనా ఎలా చెప్తుంది?

అంటే నేను చేతులారా ఇచ్చి పంపిన పాత థ్రాటిల్ బాడీ నిక్షేపంలా ఉంది. కావాల్సింది జానెడు రబ్బరు పైపు.

సరే, కొనేవాళ్ళు కాస్త చూసుకోండి. డబ్బా విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి వీడియో తీయండి, బిగించకముందే టార్చ్ వేసి మూలలు, స్క్రూ తలలు చూడండి, బండి నాలుగు రోజులు తిరిగేదాకా పాత పార్టు చేయి దాటనివ్వకండి. పీ0505 వచ్చిందంటే ఐడిల్ తను అనుకున్న చోట నిలబడట్లేదని కంప్యూటర్ చెప్తోందంతే, వాల్వ్ పోయిందని కాదు, ముందు పైపులు ఒక్కొక్కటీ నొక్కి చూసుకోండి. లీకు పట్టడానికి వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టే సాహసాలు చేయకండి, అంటుకుంటుంది.

ఇంకొకటి. నా పాతది ఈపాటికి కార్బ్ క్లీనర్‌తో స్నానం చేసి, స్టిక్కర్ అంటించుకుని, మీలో ఎవరి ఇంటికో బయల్దేరే ఉంటుంది. కేబుల్ తగిలించే చక్రం పక్కన, ఎడమవైపు బోల్టు రంధ్రం పైన, స్క్రూడ్రైవర్ జారి నేను గీసిన అడ్డగీత ఉంటుంది. అది కనిపిస్తే నాకు ఒక్క ముక్క చెప్పండి, దాన్ని కొనుక్కోడానికైనా సిద్ధమే.