ప్రింటరుకు డోర్ నంబరు: నాలుగేళ్లు వాడాక నా అనుభవం

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. ఎనిమిది నుంచి పది వరకు చదివే పిల్లలకు ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెబుతాను. 2021 జూన్‌లో, బడులు మూతపడి పాఠాలన్నీ ఫోన్లోకి వచ్చేసిన రోజుల్లో, ఒక ఇంక్ ట్యాంక్ ప్రింటరు కొన్నాం. వైఫై ఉంది, స్కానర్ ఉంది, మొబైల్ నుంచి నేరుగా ప్రింట్ తీసుకోవచ్చని డబ్బా మీదే రాసి ఉంది. ఆ మాట చూసే కొన్నాను. అది మా ఇంట్లో నిజం కావడానికి దాదాపు ఏడాది పట్టింది.

ఇప్పుడు నాలుగేళ్లు దాటింది. రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, మా అబ్బాయి ఐఫోన్, నా ల్యాప్‌టాప్, ఒక పాత డెస్క్‌టాప్, ఆ ఇంక్ ట్యాంక్ ప్రింటరు, దాంతోపాటు ఎప్పటిదో ఒక లేజర్ ప్రింటరు, అన్నీ కలిసి పనిచేస్తున్నాయి. ప్రింటరు కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ఏ ప్రింటరుతోనైనా రాగలిగినవే.

కొనడానికి ట్యూషన్ ఒక కారణమైతే, మావయ్యగారి కాగితాలు రెండో కారణం. అంతకుముందు ఏ కాపీ కావాలన్నా సందు చివర జెరాక్స్ షాపుకి వెళ్లి, వాళ్ల నంబరుకి వాట్సాప్‌లో పంపేవాళ్లం. ఒకరోజు నా ముందే ఆ ఫోను తెరిస్తే వరసగా మా వీధి వాళ్ల ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు కనిపించాయి. షాపతను మంచివాడే. కానీ ఆ ఫోను పోతే? ఆ రోజు ఇంటికొచ్చాక నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు. బయట ఇవ్వక తప్పనప్పుడు ఇప్పుడైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాం. మిగతావన్నీ ఇంట్లోనే.

మొదటి రోజు కంపెనీ యాప్ వేశాను. అది లొకేషన్ అనుమతి అడిగింది. ప్రింటరుకి నేనెక్కడున్నానో ఎందుకని భయపడి వద్దన్నాను. వద్దంటే ప్రింటరు కనిపించదు. కారణం తర్వాత తెలిసింది. చుట్టుపక్కల వైఫై పేర్లు చూస్తే ఫోను ఎక్కడుందో అంచనా కట్టవచ్చు. అందుకని ఆండ్రాయిడ్‌లో, 12 వరకు, వైఫైలను వెతికే ప్రతి యాప్ లొకేషన్ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి దగ్గర్లోని వస్తువుల కోసం వేరే అనుమతి పెట్టారు. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది. నేనైతే ప్రింటరుని వైఫైకి ఎక్కించేవరకు అనుమతి ఇచ్చి, తర్వాత తీసేశాను.

ఆ యాప్ ఇప్పుడు నా ఫోన్లో లేదు. అవసరం లేదు కూడా. ప్రింట్ తీసే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2013 నాటి 4.4 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్ 8 నుంచి డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ అని ఫోన్లోనే వస్తోంది. కెనాన్, హెచ్‌పీ, శామ్‌సంగ్, జెరాక్స్ కంపెనీలు 2013లో మోప్రియా అనే కూటమి పెట్టి, ప్రింటర్లన్నీ ఒకే భాష అర్థం చేసుకునేలా నియమాలు రాసుకున్నాయి. ఆపిల్ అంతకంటే ముందే, 2010లో, ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. కాబట్టి కొనేటప్పుడు డబ్బా మీద ఈ రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. రంగురంగుల యాప్ కంటే ఆ రెండు గుర్తులే ముఖ్యం. ఫోటోగానీ పీడీఎఫ్‌గానీ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ప్రింట్ అంటే చాలు. కంపెనీ యాప్‌ని ఇంకు మట్టం చూడటానికి, ఇంకు చిమ్మే హెడ్ క్లీనింగ్‌కి మాత్రం మావారి ఫోన్లో ఉంచాం.

ఇక అసలు బాధ. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్లో ప్రింటరు ఆఫ్‌లైన్ అని చూపించేది. ప్రింటరు ఎదురుగా దీపం వెలిగించుకుని కూర్చుని ఉంటుంది, ఫోను నుంచి ఒక్కోసారి ప్రింట్ వస్తుంది కూడా, ల్యాప్‌టాప్ మాత్రం అది లేదంటుంది. ఆరు గంటలకు పిల్లలు వస్తారు, ఐదున్నరకి ప్రశ్నపత్రం తియ్యాలి. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. తీసేసి మళ్లీ కలపడం, రౌటర్ ఆపి వెయ్యడం, ఇలా ఎన్నిసార్లు చేశానో. రిపేరుకి వచ్చినతను చూసి ప్రింటరు లోపలి కార్డు పోయిందన్నాడు, మార్చాలన్నాడు. మార్చనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను, ఎందుకంటే కార్డు నిక్షేపంలా ఉంది.

జరిగింది ఇది. ఇంట్లో వైఫైకి తగిలిన ప్రతి వస్తువుకీ రౌటర్ ఒక చిరునామా ఇస్తుంది, 192.168.1.5 లాంటిది. దీన్నే ఐపీ అడ్రస్ అంటారు. అది శాశ్వతం కాదు, కొంతకాలానికి ఇచ్చే అద్దె లాంటిది. కరెంటు వచ్చాక అన్నీ మళ్లీ అడుగుతాయి, ఒక్కోసారి వేరే అంకె వస్తుంది. నిన్న 5లో ఉన్న ప్రింటరు ఇవాళ 8లో ఉంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం పాత చిరునామాకే వెళ్లి తలుపు కొడుతూ ఉంటుంది. ఫోను అలా కాదు, ప్రతిసారీ ఇంట్లో ప్రింటరు ఎవరైనా ఉన్నారా అని కేకేసి, పలికినదాన్ని చూపిస్తుంది. ఫోను నుంచి వచ్చి కంప్యూటరు నుంచి రాకపోవడానికి కారణం అదే.

మందు కూడా సులువే. ప్రింటరుకి మారని డోర్ నంబరు ఇవ్వాలి. ప్రింటరు మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల కాగితం తీస్తే అందులో మ్యాక్ అడ్రస్ అని పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసిన వరస ఉంటుంది. బ్రౌజర్లో రౌటర్ పేజీ తెరిచి (మాది 192.168.1.1, పాస్‌వర్డ్ రౌటర్ కింద అంటించిన చీటీ మీద ఉంది) చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ దగ్గర ఆ మ్యాక్ అడ్రస్ వేసి ఒక అంకె రాసిపెట్టాను. మాది 192.168.1.50. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో పాత ప్రింటరుని తీసేసి, దానంతటదే వెతికి కలుపుకోనివ్వకుండా, ఐపీ అడ్రస్‌తో నేనే కలిపాను. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్టుల దగ్గర చూస్తే డబ్ల్యూఎస్‌డీ (విండోస్ దానంతటదే వెతికి కలుపుకున్నది) కాకుండా స్టాండర్డ్ టీసీపీ/ఐపీ (మనం అడ్రస్ ఇచ్చి కలిపినది) అని ఉండాలి. అంకెను ప్రింటరు మెనూలోనే రాసేయొచ్చు కదా అంటారు కొందరు. అలా చేస్తే రౌటరుకి ఆ సంగతి తెలియక అదే అంకెను ఇంకో ఫోనుకి ఇచ్చే అవకాశం ఉంది. రౌటర్లో రాయడమే మంచిది.

2022 వేసవిలో ఆ పని చేశాను. పట్టింది ఇరవై నిమిషాలు. అప్పటినుంచి ఆఫ్‌లైన్ అన్నమాట ఒక్కసారే చూశాను, అదీ ఇంటర్నెట్ వాళ్లు రౌటర్ మార్చి వెళ్లినప్పుడు. కొత్త రౌటర్లో మన రిజర్వేషన్ ఉండదు, మళ్లీ రాసుకోవాలి. ఆ అంకె, మ్యాక్ అడ్రస్ ఒక చీటీ మీద రాసి ప్రింటరు మూత లోపల అంటించాను.

కొత్త రౌటర్‌తో ఇంకో సంగతి తెలిసింది. దానికి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు. మా ప్రింటరుకి 2.4 మాత్రమే తెలుసు. ఫోను 5 మీద ఉన్నా ఇద్దరూ ఒకే రౌటర్ కింద ఉంటే ఇబ్బంది లేదు, ప్రింటరుని మొదటిసారి కలిపేటప్పుడే ఫోను కూడా 2.4 మీద ఉండాల్సి వచ్చింది. గెస్ట్ వైఫై సంగతి వేరు. మా మరిది అనకాపల్లి నుంచి వచ్చి గెస్ట్ వైఫై తగిలించుకుని, వదినా, మీ ప్రింటరు నాకు కనపడ్డం లేదేంటి అన్నాడు. కనపడదు. గెస్ట్ అంటే ఇంటర్నెట్ ఇస్తుందిగానీ ఇంట్లోని మిగతా వస్తువులను చూడనివ్వదు. అది దాని పని.

బయట ఉన్నప్పుడు ఇంట్లో ప్రింటరుకి పంపడం ఒకప్పుడు గూగుల్ క్లౌడ్ ప్రింట్‌తో అయ్యేది. దాన్ని 2020 డిసెంబరు 31తో ఆపేశారు. ఇంకా దాని గురించే చెప్పే పాత వీడియోలు చూసి సమయం పోగొట్టుకోకండి. బయటి నుంచి అయితే నేను ఫైలు డ్రైవ్‌లో పెట్టేస్తాను, ఇంట్లో ఉన్నవాళ్లు తీసుకుంటారు.

ఈ-ఆధార్ ప్రింట్ రాకపోతే ప్రింటరుని అనుమానించకండి. ఆ పీడీఎఫ్‌కి తాళం ఉంటుంది. పాస్‌వర్డ్ అంటే పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, వెనక పుట్టిన సంవత్సరం, మొత్తం ఎనిమిది. నా ఫోన్లో తాళం ఉన్న పీడీఎఫ్ నేరుగా ప్రింట్‌కి వెళ్లదు. ల్యాప్‌టాప్ బ్రౌజర్లో తెరిచి తీసుకుంటాను. ఇప్పుడు మన మిత్ర వచ్చాక, అంటే 2025 జనవరి నుంచి, ప్రభుత్వ సేవలు చాలావరకు వాట్సాప్‌లోనే అందుతున్నాయి. ఇంటర్ హాల్ టికెట్లు కూడా అందులో ఇచ్చారు. పక్క వీధి పిల్లలు కూడా ఫోను పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు, నాకు అది ఇష్టంగానే ఉంది.

తెలుగు ప్రింటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అత్తయ్యగారు ప్రతి కార్తీకానికీ స్తోత్రాలు పెద్ద అక్షరాల్లో తీయించుకుంటారు. గుడిలో ఎవరో ఇచ్చిన వర్డ్ ఫైలు ఫోన్లో తెరిస్తే అంతా అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు. అది అను ఫాంట్లలో టైపు చేసింది. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంటు లేని చోట తెలుగుగా కనిపించవు. అలాంటి ఫైలు చేసినవాళ్లనే పీడీఎఫ్‌గా మార్చి పంపమని అడగాలి. యూనికోడ్‌లో టైపు చేసినదైనా వర్డ్ ఫైలుగా ఫోను నుంచి ప్రింట్ కొడితే ఒత్తులు విడిపోయి, పేజీలు జరిగిపోయి వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు నా పద్ధతి ఒకటే. ల్యాప్‌టాప్‌లో మండలి అనే యూనికోడ్ ఫాంటుతో, పద్దెనిమిది సైజులో పెట్టి, పీడీఎఫ్ చేసి ఫోనుకి పంపుతాను. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి ఏ ఫోను నుంచి తీసినా ఒత్తు ఒత్తు దగ్గరే ఉంటుంది. పోయిన కార్తీకంలో అత్తయ్యగారు తన ఫోను నుంచి తనే లింగాష్టకం తీసుకుని, వేడి కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చి చూపించారు.

ఫోను నుంచి కంప్యూటరుకి ఫైళ్లు పంపడానికి చాలా వాడి చూశాను. వాట్సాప్ వెబ్‌లో ఫోటోని ఫోటోగా పంపితే కుదించేస్తుంది, బోర్డు మీద రాసిన లెక్క అచ్చులో మసకగా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. కేబుల్ పెట్టినప్పుడు ఫోను ఛార్జింగ్ మాత్రమే అంటుంది, నోటిఫికేషన్ కిందికి లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కి మార్చాలి. చివరికి నిలబడింది లోకల్‌సెండ్ అనే యాప్. ఉచితం, ఖాతా అక్కర్లేదు, ఇంటర్నెట్ పోయినా ఇంట్లో వైఫై ఉంటే చాలు, ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ విండోస్‌కీ మధ్య ఒకేలా పనిచేస్తుంది. మొదట్లో ల్యాప్‌టాప్ కనిపించలేదు. కారణం, విండోస్‌లో మా ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్ అని గుర్తుపెట్టుకుంది. సొంత ఇంటి వైఫైని ప్రైవేట్‌కి మార్చగానే కనిపించింది. ప్రింటరు దొరక్కపోయినా ముందు ఇదే చూడండి.

పాత లేజర్ ప్రింటరు కథ నాకు అన్నింటికంటే ఇష్టమైనది. దానికి వైఫై లేదు, యూఎస్‌బీ మాత్రమే. నలుపు తెలుపు ప్రశ్నపత్రాలకు దాన్ని మించింది లేదు, తడి తగిలినా అక్షరం చెదరదు. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటే గాజువాక నుంచి తమ్ముడు వచ్చి, అక్కా, దీన్ని పాత కంప్యూటరుకి తగిలిద్దాం, ఫోను నుంచి కూడా వస్తుంది అన్నాడు. విండోస్‌లో షేర్ చేసిన ప్రింటరు ఇంకో కంప్యూటరుకి కనిపిస్తుందిగానీ మామూలుగా ఫోన్లకు కనిపించదు. అందుకని ఆ డెస్క్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేశాడు. అందులో కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ ఉంటుంది. ప్రింటరుని షేర్ చేయమని ఒక టిక్కు పెడితే అది ఇంట్లోని ఫోన్లకు ఎయిర్‌ప్రింట్ ప్రింటరులా కనిపిస్తుంది. అబ్బాయి ఐఫోన్లో క్షణంలో వచ్చింది, నా ఫోన్లో కూడా. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ఆగిపోయింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు చాలా ఇళ్లలో ఉంటాయి. పాత సామాన్ల వాడికి వేసే ముందు ఈ పని ఆలోచించండి. ఒకటే ఇబ్బంది, ప్రింట్ కావాలంటే ఆ కంప్యూటరు ఆన్‌లో ఉండాలి.

సముద్రం దగ్గర ఉండేవాళ్లకు ఇంకో మాట. మా ఇంటికి బీచ్ రోడ్డు దూరం కాదు. వానాకాలంలో కాగితం చెమ్మగిల్లి రెండేసి షీట్లు లాగుతుంది, ఇరుక్కుంటుంది. రీము విప్పాక మిగిలిన కాగితాన్ని జిప్ కవర్లో పెడుతున్నాను, ట్రేలో ఆ రోజుకి కావలసినంతే. వారానికి ఒకసారి ఒక రంగుల పేజీ తీస్తాను, లేకపోతే హెడ్‌లో ఇంకు ఎండిపోయి గీతలు పడుతున్నాయి. క్లీనింగ్ మాటిమాటికీ కొట్టకూడదు, దానికే బోలెడు ఇంకు పోతుంది.

ఇంకా కుదరనిది ఒకటి మిగిలింది. మా ఇంక్ ట్యాంక్ ప్రింటరు దానంతటదే రెండువైపులా తీయదు. కంప్యూటరు నుంచైతే ఒక వైపు అయ్యాక కాగితాలు తిప్పి పెట్టమని అడుగుతుంది. ఫోను నుంచి ఆ సదుపాయం రావడం లేదు. బేసి పేజీలు ఒకసారి, సరి పేజీలు ఒకసారి అని 1, 3, 5 అంటూ చేత్తో వేసుకోవాలి. నాలుగు పేజీల పరీక్ష పేపరుకైతే అలాగే చేస్తాను. ముప్పై పేజీల నోట్సు ఉంటే మాత్రం ఇప్పటికీ ల్యాప్‌టాపే తెరుస్తున్నాను.