పాలకొల్లులో మా బట్టల షాపు, ఆరేళ్ల ఎల్ఈడీ ప్యానెళ్లు

పాలకొల్లులో మాది రెండంతస్తుల బట్టల షాపు. కింద చీరలు, పైన డ్రెస్ మెటీరియల్, పిల్లల బట్టలు. మా ఆయనా నేనూ కలిసి చూసుకుంటాం. 2019 జూన్‌లో, శ్రావణం సీజన్‌కి ముందు, పాత నాలుగు ట్యూబుల ఫిట్టింగులన్నీ తీయించి 62 ఎల్ఈడీ ప్యానెళ్లు పెట్టించాం. రెండడుగుల చదరం, ఒక్కోటి 36 వాట్లు, ఫాల్స్ సీలింగ్‌లో కూర్చునే రకం. కరెంటును ఎల్ఈడీకి సరిపడేలా మార్చే డ్రైవర్ ప్యానెల్‌లోనే ఇమిడి ఉండదు, విడిగా చిన్న పెట్టెలా వైరుతో వస్తుంది. ఆరేళ్లలో మాకు డబ్బు మిగిల్చింది ఆ ఏర్పాటే.

కరెంటు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. పాత ఫిట్టింగు చోకులతో కలిపి 85 వాట్ల దాకా లాగేది. రోజుకి పన్నెండు గంటలు వెలిగే షాపులో నెలకి వెయ్యి యూనిట్లకు పైనే తగ్గింది. ఇక ఇబ్బందుల సంగతి.

మొదటి మూడేళ్లూ చెయ్యి పెట్టాల్సిన పని రాలేదు. 2022 ఎండాకాలంలో పై అంతస్తు వెనక వరసలో లైట్లు మధ్యాహ్నం పూట టపటపా కొట్టుకోవడం మొదలైంది. సాయంత్రానికి సర్దుకునేవి. ప్యానెల్ పోయిందనుకుని ఆరు కొత్తవి కొనేశాం. అందులో రెండు నెలకే మళ్లీ అలాగే అయ్యాయి. అప్పుడు మా మామగారి కాలం నుంచి మాకు వైరింగు చేస్తున్న ఎలక్ట్రీషియన్ బాబాయ్ గారిని పిలిచాం. ఆయన కొత్త సరుకేమీ అడగలేదు. మెయిన్ ఆపించి, బాగా వెలుగుతున్న లైటు డ్రైవర్ తీసి, కొట్టుకుంటున్న ప్యానెల్‌కి తగిలించారు. అది నిండుగా వెలిగింది. పాత డ్రైవర్ విప్పితే లోపల కరెంటు ఒడిదుడుకులు సర్దే కెపాసిటర్ అనే చిన్న డబ్బా నెత్తి ఉబ్బి ఉంది. "ప్యానెల్‌కి ఏమీ కాలేదమ్మా, డ్రైవర్ ఉడికిపోయిందండి" అన్నారు.

ఉడకడం నిజమే. ఆ వరస పైన రేకుల కప్పు. రేకుకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య గాలి ఆడే దారే లేదు. మే నెల మధ్యాహ్నం అక్కడ థర్మామీటర్ పెడితే 58 డిగ్రీలు చూపించింది. డ్రైవర్ మీద చుట్టూ గాలి 45 డిగ్రీలు దాటకూడదని అచ్చు వేసి ఉంది. ఇలాంటి కెపాసిటర్‌కి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని బాబాయ్ గారు చెప్పారు. పైగా మేం వేడిని ఆపే గ్లాస్ వూల్ పరిపించినప్పుడు పనివాళ్లు డ్రైవర్ల మీదే కప్పేశారు. అది తొలగించి, డ్రైవర్లను గోడ వైపు జరిపించి, రెండు చివర్లా జాలీలు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. ఆ తర్వాత మూడు ఎండాకాలాల్లో ఆ వరసలో ఒక్క డ్రైవరే పోయింది.

డ్రైవర్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక షాపులో "36 వాట్లేనండి, సరిపోద్ది" అని ఇచ్చింది తెచ్చి తగిలిస్తే లైటు క్షణం వెలిగి ఆరడం, మళ్లీ వెలగడం. మా ప్యానెల్‌కి కావాల్సింది 900 మిల్లీ ఆంపియర్లు, 27 నుంచి 42 వోల్టుల డీసీ. వాళ్లిచ్చింది 300 మిల్లీ ఆంపియర్లు, 80 నుంచి 130 వోల్టులు. రెండూ 36 వాట్ల పేరుతోనే అమ్ముతారు. వాట్లు చూసి కొనకండి, ప్యానెల్ వెనక స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లండి.

అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టింది 2023 ఆగస్టు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, సాయంత్రం ఆరున్నర, షాపు కిక్కిరిసి ఉంది. ఉన్నట్టుండి ముందు వైపు లైట్లు పెళ్లి పందిరిలా ప్రకాశించాయి, మెట్ల వైపు లైట్లు మసకబారాయి. పది నిమిషాల్లో కాలిన వాసన. కౌంటర్ మీద పరచిన చీరలు వదిలేసి జనాన్ని బయటికి పంపి మెయిన్ కట్టేశాం. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

బాబాయ్ గారు వచ్చి, లైట్ల సర్క్యూట్లన్నీ దింపేసి, తక్కిన లోడు మీద మెయిన్ వేసి, మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఒక్కో ఫేజుకీ మధ్య వోల్టేజీ చూశారు. ఒకటి 295, ఒకటి 270, ఒకటి 170 వోల్టులు. మూడూ 240 దగ్గర ఉండాలి. లెక్క నాకు అప్పుడే అర్థమైంది. ఫేజుకీ ఫేజుకీ మధ్య ఉండే 415 వోల్టులను మూడు వైపులా సమంగా పంచి నిలబెట్టేది న్యూట్రల్. అది వదులైతే లోడు ఎక్కువున్న ఫేజు కుంగిపోతుంది, తక్కువున్నది ఎగబాకుతుంది. మా డ్రైవర్ల పరిమితి 270. ముందు వైపు ఏడు డ్రైవర్లు పోయాయి.

వదులైన చోటు మా మెయిన్ బోర్డులోనే దొరికింది. అల్యూమినియం కేబుల్ చివర తొడిగే లగ్గు కూడా అల్యూమినియందే వేసి, తిన్నగా రాగి పట్టీకి బిగించారు. మా ఊరి గాలిలో తేమ ఎప్పుడూ ఉండేదే, వానాకాలం చెప్పక్కర్లేదు. ఆ తేమకి రెండు లోహాలూ కలిసిన చోట తెల్ల బూడిద పట్టి, వేడెక్కి, పట్టీ నల్లబడిపోయింది. రాగికీ అల్యూమినియానికీ మధ్య వాడాల్సిన బైమెటాలిక్ లగ్గు వేసి బిగించాక మూడు ఫేజులూ 238, 240 మధ్యకి వచ్చాయి. ఇన్ని డ్రైవర్లున్న చోట న్యూట్రల్ మీద బరువు మామూలుకంటే ఎక్కువట. లోడు మూడు ఫేజులకీ సమంగా పంచినా డ్రైవర్ల వల్ల పుట్టే మూడో హార్మోనిక్ కరెంటు (మామూలు కరెంటుకి మూడింతల వేగంతో ఊగేది) రద్దు కాదు, అంతా న్యూట్రల్‌లోనే కూడుతుంది. మా పాత న్యూట్రల్ ఫేజు వైరుకంటే సన్నంగా ఉంటే అదీ మార్పించాం. లైట్లు వరసగా పోతున్నాయంటే కంపెనీని తిట్టే ముందు న్యూట్రల్ బిగువు చూపించండి. మేమిప్పుడు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముందూ దసరా ముందూ, కరెంటు ఆపి అన్ని స్క్రూలూ బిగింపిస్తున్నాం.

చిన్నవి కొన్ని. షాపు కట్టేశాక మెట్ల దగ్గర లైట్లు మిణుకుమంటున్నాయని వాచ్‌మన్ చెప్పాడు. స్విచ్చి ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పడింది, అందుకని ఆపినా ఫిట్టింగులో ఫేజు ఉంటోంది. వైర్లు మార్చగానే పోయింది. పొద్దున్నే లైట్లన్నీ ఒక్కసారి వేస్తే ఎమ్‌సీబీ (కరెంటు మించితే తనంతట ఆగే స్విచ్చి) పడిపోయేది. డ్రైవర్లు మొదటి క్షణంలో గుంజే కరెంటు ఎక్కువ. బి రకం ఎమ్‌సీబీ బదులు ఆ మొదటి గుంజును తట్టుకునే సి రకం వేసి, లైట్లను మూడు స్విచ్చుల మీదికి విడదీశారు.

బట్టల షాపు వాళ్లకి రంగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు చీర నచ్చాక "వెలుతురులోకి తెచ్చి చూపించండి" అని గుమ్మం దాకా వస్తారు. మొదట వేసిన ప్యానెళ్ల సీఆర్‌ఐ, అంటే రంగులను ఎంత నిజంగా చూపిస్తాయో చెప్పే అంకె, 80. మెరూన్, వక్కపొడి రంగు, ముదురు ఎరుపు లోపల ఒకలా, గుమ్మంలో ఇంకోలా కనిపించేవి. పట్టుచీరల కౌంటర్ మీద నాలుగు ప్యానెళ్లు సీఆర్‌ఐ 90 రకం, 4000 కెల్విన్‌వి (వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) వేశాక గుమ్మం దాకా నడిచేవాళ్లు బాగా తగ్గారు. ఖరీదు ఎక్కువే, కానీ ఆ కౌంటర్‌కి నేను ఇంకోటి కొనను.

ఇంకో లోపం ప్యానెల్‌దే. అంచుల నుంచి వెలుగు పంపే రకం కావడంతో లోపలి ప్లాస్టిక్ పలక ఐదేళ్లకి పసుపెక్కింది. కొత్తది పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇప్పుడు కొనేవి వెనక నుంచి వెలిగే రకమే కొంటున్నాం. బయట బోర్డు లైట్ల సంగతి వేరు. వరి కోతల రోజుల్లో దీపం పురుగులు తెల్ల లైటు నిండా ముసురుకునేవి. 3000 కెల్విన్ పసుపు లైట్లు వేయిస్తే కొంత తగ్గాయి.

మొదట పెట్టిన 62లో 51 ప్యానెళ్లు ఇప్పటికీ వెలుగుతున్నాయి. డ్రైవర్లు మాత్రం 23 మారాయి. ప్రతి డ్రైవర్ మీదా పెట్టిన తేదీ మార్కర్‌తో రాస్తున్నాం. సరిపోయేవి ఐదు ఎప్పుడూ కౌంటర్ కింద సొరుగులో ఉంటాయి. పసుపెక్కిన ప్యానెళ్లలో చీరల వైపువి తొమ్మిది సంక్రాంతి లోపు మార్చాలని బాబాయ్ గారికి చెప్పి ఉంచాం.