రెడింగ్ మ్యూజియంలో బేయూ వస్త్రం: సింహాసనం కోసం సముద్రం దాటిన దాయాదుల కథ

ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలోనూ ఆ చుట్టుపక్కలా తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి తల్లిదండ్రులో అత్తమామలో వచ్చినప్పుడు వారిని లండన్‌కూ ఆక్స్‌ఫర్డ్‌కూ తీసుకువెళ్లే మనం, రైల్వే స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడకలో, పాత టౌన్‌హాల్ భవనంలోనే ఉన్న రెడింగ్ మ్యూజియం వైపు చూడకుండా వెళ్లిపోతుంటాం. గత ఏడాది కాలంలో నేను అక్కడి బేయూ గ్యాలరీకి మూడుసార్లు వెళ్లాను: మొదట ఒంటరిగా, తరువాత పిల్లలతో, చివరగా హైదరాబాదు నుంచి వచ్చిన మా నాన్నగారితో. ప్రవేశానికి రుసుము లేదు. రుసుము పెట్టినా చెల్లించి చూడవలసిన గ్యాలరీ అది అని నా అభిప్రాయం.

గ్యాలరీ గోడల చుట్టూ, అద్దాల వెనుక, సుమారు 70 మీటర్ల పొడవున, అర మీటరు ఎత్తున ఒకే ఒక్క కథ సాగుతుంది. 1066లో ఇంగ్లండ్ సింహాసనం కోసం జరిగిన పోరాటాన్ని చెప్పే బేయూ టాపెస్ట్రీకి ఇది పూర్తి పరిమాణంలో చేసిన నకలు. టాపెస్ట్రీ అన్న పేరు వాడుకలో స్థిరపడిపోయింది గాని ఇది మగ్గం మీద నేసిన బొమ్మ కాదు, నార బట్ట మీద ఉన్ని దారంతో చేతితో కుట్టిన పని. మూలవస్త్రాన్ని, విజేత అయిన విలియం సవతి తమ్ముడు, ఫ్రాన్స్‌లోని బేయూ పట్టణపు బిషప్ ఓడో కోసం 1070ల ప్రాంతంలో ఇంగ్లండ్‌లోనే కుట్టి ఉంటారని చరిత్రకారులలో ఎక్కువమంది భావిస్తారు. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం చూసినవారికి ఈ వస్త్రాన్ని చదవడం ఎవరూ నేర్పనక్కరలేదు. అక్కడ బొమ్మల వరుస కింద తెలుగు అక్షరాలలో కథ నడిచినట్టే ఇక్కడ బొమ్మల పైన లాటిన్ మాటలు నడుస్తాయి. పైనా కిందా సన్నని అంచులలో పక్షులు, జంతువులు, నీతికథలు ఉంటాయి, యుద్ధం ముదిరిన చోట ఆ అంచులోకి శవాలు వచ్చి చేరతాయి.

నకలు కథ కూడా తెలుసుకోదగినదే. లీక్ అనే పట్టణంలో ఎలిజబెత్ వార్డిల్ అనే కుట్టుపని నిపుణురాలు 35 మంది స్త్రీలను కూడగట్టి 1885లో పని మొదలుపెట్టి, మరుసటి ఏడాదికల్లా పూర్తి చేయించారు. దారాలకు సహజమైన రంగులు అద్ది ఇచ్చినది ఆమె భర్త థామస్ వార్డిల్. మన దేశపు దసలి పట్టును, అద్దకపు రంగులను జీవితకాలం అధ్యయనం చేసిన మనిషి ఆయన. ప్రతి స్త్రీ తాను కుట్టిన భాగం కింద తన పేరు కుట్టుకుంది. వందల మంది మగవారు కనిపించే మూలవస్త్రపు ప్రధాన కథలో ముగ్గురు స్త్రీలే ఉన్నారని తెలిశాక, ఆ అంచు కింద ఒక్కొక్క పేరునూ వంగి చదువుతుంటే నాకు కలిగిన గౌరవం ఇంతని చెప్పలేను. ఈ నకలును మూలానికి సంపూర్ణమైన ప్రతిరూపంగా మాత్రం తీసుకోరాదు. స్త్రీలు పని చేసినది అప్పటికే సవరించిన ఫొటోల నుంచి గనుక, మూలంలో నగ్నంగా ఉన్న కొన్ని ఆకారాలకు ఇక్కడ బట్టలు వచ్చాయి. 1895లో పట్టణపు మాజీ మేయర్ ఆర్థర్ హిల్ దీనిని 300 పౌండ్లకు కొని రెడింగ్‌కు బహూకరించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1066 జనవరి 5న ఎడ్వర్డ్ రాజు సంతానం లేకుండా మరణించాడు. పెద్ద కొడుకుకే రాజ్యం అన్న నియమం అప్పటికి ఇంగ్లండ్‌లో గట్టిపడలేదు. రక్తసంబంధం, చనిపోయే రాజు మాట, ప్రముఖుల ఆమోదం, వీటన్నిటికీ విలువ ఉండేది, కాని ఏది దేనికంటే ఎక్కువో తేల్చే పద్ధతి లేదు. ఎడ్వర్డ్ బావమరిది హారల్డ్ గాడ్విన్‌సన్ మరుసటి రోజే పట్టాభిషిక్తుడయ్యాడు. ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీని ఏలే డ్యూక్ విలియం, ఎడ్వర్డ్ తల్లి ఎమ్మా తన తాతకు స్వయానా తోబుట్టువని, రాజ్యం తనకిస్తానని ఎడ్వర్డ్ మాట ఇచ్చాడని, హారల్డ్ కూడా దానికి ఒప్పుకొని ప్రమాణం చేశాడని వాదించాడు. నార్వే రాజు హారల్డ్ హార్డ్రాడా, తనకు ముందు నార్వేను ఏలిన మాగ్నస్ రాజు వెనుకటి ఇంగ్లండ్ రాజుతో చేసుకున్న ఒప్పందం చూపించి ఆ సింహాసనం తనదన్నాడు. పాత రాజవంశపు మగబిడ్డ ఎడ్గార్ ఇంకా బాలుడు. తల్లి తరపు చుట్టరికం సింహాసనానికి దారి కావడం మనకు కొత్త కాదు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే రాజరాజ నరేంద్రుని అనంతరం వేంగిలో సవతి తమ్ముడికీ కొడుక్కీ మధ్య వివాదం నడిచింది. చోళరాజకుమారి కడుపున పుట్టిన ఆ కొడుకే 1070లో కులోత్తుంగుడై చోళ సింహాసనం ఎక్కాడు. మా నాన్నగారికి ఎమ్మా కథ అర్థమైంది ఈ పోలికతోనే.

ఈ చిక్కంతా వస్త్రంలో ఒకే ఒక్క కారణానికి కుదించుకుపోతుంది, అది హారల్డ్ చేసిన ప్రమాణం. క్రైస్తవ పునీతుల అవశేషాలు దాచిన రెండు పవిత్ర పేటికల మీద చెరొక చెయ్యి చాపి అతను విలియం ఎదుట నిలబడి ఉంటాడు. తరువాతి దృశ్యాలన్నీ ఆ రెండు చేతుల నుంచి పుట్టినట్టే కనిపిస్తాయి. గెలిచినవారి కోసం కుట్టిన వస్త్రం గనుక ఇది సహజమే అనుకోవచ్చు. కాని దగ్గరగా చూస్తే కుట్టినవారు హారల్డ్‌ను చిన్నబుచ్చలేదు. ఇసుక ఊబిలో చిక్కిన నార్మన్ సైనికులను అతను తన చేతులతో పైకి లాగుతాడు, అతని తల మీద కిరీటం ఉన్న చోట లాటిన్‌లో స్పష్టంగా "రెక్స్", అంటే రాజు, అనే ఉంటుంది. ఎడ్వర్డ్ శవయాత్రను ముందు చూపి, మరణశయ్యను తరువాత చూపడం కూడా నాకు పొరపాటుగా అనిపించదు. మరణశయ్య మీద రాజు చెప్పిన చివరి మాట పక్కనే హారల్డ్‌కు కిరీటం అందించే దృశ్యం రావాలని అలా కుట్టారని అనుకుంటాను. ఆ వెంటనే తోకచుక్క కనిపిస్తుంది. జనం వేళ్లు చూపిస్తూ నిలబడతారు, హారల్డ్ పాదాల కింది అంచులో మనుషులు లేని ఖాళీ ఓడలు గీతలుగా తేలుతుంటాయి. ఇంకా రాని దండయాత్ర నీడ అది. మూడుసార్లూ నేను ఎక్కువసేపు ఆగినది అక్కడే.

ఈ గ్యాలరీని నేను ఇంతగా మెచ్చడానికి ముఖ్యమైన కారణం అక్కడి నుంచి మొదలయ్యే సముద్రభాగం. రెండేళ్ల కిందట దక్షిణ తీరంలో ఒక సంస్థ నడిపే ఒకరోజు బస్సు యాత్రకు డబ్బు కట్టి వెళ్లాను. విలియం దిగిన పెవెన్సీని బస్సు కిటికీలోంచి చూపించి, యుద్ధభూమి దగ్గర హారల్డ్ కంటికి తగిలిన బాణం గురించి అరగంట చెప్పి ముగించారు. సముద్రం పేరే ఎత్తలేదు. ఈ వస్త్రం అలా చేయదు. చెట్లు నరకడం, పలకలు చెక్కడం, పడవలు కట్టి తాళ్లతో నీటిలోకి లాగడం, గొలుసు కవచాలను కర్రలకు వేలాడదీసి ఇద్దరిద్దరు మోసుకుపోవడం, బండి మీద పెద్ద ద్రాక్షసారా పీపా, ఈటెల దొంతి, ఇవన్నీ వరుసగా వస్తాయి. ఆ తరువాత తెరచాపలు నిండిన ఓడలు, వాటి అంచుల మీదుగా తలలు చాచిన గుర్రాలు. వేల మందిని, వందల గుర్రాలను ఒక్క రాత్రిలో సముద్రం దాటించడం ఎంత పనో చూపించే చిత్రం ఆ కాలం నుంచి మరొకటి మనకు ఇంత వివరంగా మిగలలేదు. మా పిల్లలు గుర్రాలు ఓడ దిగే దృశ్యం దగ్గర, వాటిని ఎలా ఎక్కించి ఉంటారని ఒకరినొకరు చాలాసేపు ప్రశ్నించుకున్నారు.

వస్త్రం చెప్పని సంగతి ఒకటి చూసేవారు తెలుసుకొని వెళ్లాలి. ఆ దాటడానికి విలియం వారాల తరబడి అనుకూలమైన గాలి కోసం ఎదురుచూశాడు. అతని నౌకాదళం మొదట డీవ్ నది ముఖద్వారం దగ్గర, ఆపైన సాం వాలరీ దగ్గర ఆగింది. దక్షిణ తీరాన వేసవి అంతా కాపు కాసిన హారల్డ్ సైన్యానికి తిండిగింజలు నిండుకోవడంతో అతను సెప్టెంబరు 8న సైనికులను ఇళ్లకు పంపివేశాడు. ఆ తరువాతే గాలి తిరిగింది. సెప్టెంబరు 27 రాత్రి బయలుదేరిన ఓడలు మరునాడు పెవెన్సీ తీరానికి చేరేసరికి ఎదిరించే సైన్యం అక్కడ లేదు.

సైన్యం లేకపోవడానికి రెండవ కారణాన్ని వస్త్రం పూర్తిగా విడిచిపెట్టింది. ఈ కథనానికి అన్నిటికంటే పెద్ద లోపం ఇదే అంటాను. ఆ నెలలోనే హార్డ్రాడా సుమారు 300 ఓడలతో ఉత్తర తీరానికి వచ్చాడు. అతనికి తోడుగా వచ్చినది మరెవరో కాదు, పదవి పోగొట్టుకొని దేశం విడిచిపోయిన హారల్డ్ సొంత తమ్ముడు టోస్టిగ్. సెప్టెంబరు 20న ఫుల్‌ఫర్డ్ దగ్గర వారు గెలిచారు. హారల్డ్ సుమారు 300 కిలోమీటర్లు వేగంగా ఉత్తరానికి నడిచి 25న స్టాంఫర్డ్ బ్రిడ్జి దగ్గర వారిని తుడిచిపెట్టాడు. నార్వే రాజూ టోస్టిగ్ ఇద్దరూ అక్కడే చనిపోయారు, మిగిలినవారు తిరిగి వెళ్లడానికి 24 ఓడలు సరిపోయాయి. మూడు రోజులకు విలియం దిగాడు. ఒకే శరత్కాలంలో రెండు సముద్రాల మీదుగా రెండు దండయాత్రలు వచ్చాయని తెలియకపోతే, అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర కొండ మీద నిలిచిన హారల్డ్ సైన్యం అలసట అర్థం కాదు. వస్త్రంలో ఆ కొండ మీద అతని మరో ఇద్దరు తమ్ముళ్లు లియోఫ్‌విన్, గిర్త్ పడిపోవడం కనిపిస్తుంది. ఒక తమ్ముడు ఎదుటి పక్షాన నిలిచి పోయాడు, ఇద్దరు తన పక్కన నిలిచి పోయారు. ఇదంతా మూడు వారాలలోపే జరిగింది. కాబట్టి గ్యాలరీకి వెళ్లే ముందు ఉత్తరపు యుద్ధాల గురించి పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకువెళ్లండి.

యుద్ధభాగం గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసేది అదే. కంటికి బాణం తగిలినవాడు హారల్డా, పక్కనే గుర్రపు రౌతు కత్తికి పడుతున్నవాడు హారల్డా అన్న వాదం నేటికీ నడుస్తోంది. మూలవస్త్రం మీద జరిగిన మరమ్మతులను కూడా ఆ వాదంలో లెక్కలోకి తీసుకోవాలి. మూలం చివర చిరిగిపోయింది గనుక ఆ ఏడాది క్రిస్మస్ నాడు జరిగిన విలియం పట్టాభిషేకం మనకు కనిపించదు. ఈలోగా లండన్ పెద్దలు ఎడ్గార్‌ను రాజుగా ఎన్నుకొని కొన్ని వారాలకే వదులుకున్న సంగతీ లేదు.

ఈ గ్యాలరీని రెడింగ్‌లోనే చూడాలని నేను చెప్పడానికి మరో కారణం ఉంది. మ్యూజియం నుంచి ఫోర్బరీ తోట మీదుగా కొన్ని నిమిషాలు నడిస్తే రెడింగ్ ఆబీ, అంటే పాత క్రైస్తవ మఠం, శిథిలాలు వస్తాయి. 1121లో దానిని స్థాపించిన ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ, విలియం చిన్న కొడుకు. తండ్రి పోయాక అన్నదమ్ముల మధ్య వాటాల తగవు మళ్లీ సముద్రం మీదికే వెళ్లింది. 1101లో పెద్దన్న రాబర్ట్ సైన్యంతో పోర్ట్‌స్మత్‌లో దిగాడు, అప్పటికి రాజీ కుదిరింది. 1106లో హెన్రీ నార్మండీకి దాటి తాంషెబ్రే దగ్గర అన్నను ఓడించి, బతికినంతకాలం బందీగా ఉంచాడు. ఆ యుద్ధం జరిగినది సెప్టెంబరు 28న, అంటే తండ్రి పెవెన్సీలో దిగిన రోజుకు సరిగ్గా నలభై ఏళ్లకు. తరువాత 1120లో హెన్రీ ఏకైక సక్రమ పుత్రుడు ఎక్కిన వైట్ షిప్ అనే ఓడ నార్మండీ తీరంలో మునిగిపోయింది. ఆ మరుసటి ఏడాదే ఈ ఆబీకి పునాది పడింది. శిథిలాలలో ఇప్పుడు మిగిలినవి చెకుముకిరాళ్లు పేర్చిన మోటు గోడలే. అయినా మ్యూజియంలో ఓడలు చూసి అక్కడికి వచ్చినవారికి ఆ గోడలు వేరుగా కనిపిస్తాయి. రెండింటికీ కలిపి కనీసం మూడు గంటలు కేటాయించండి, వస్త్రాన్ని ముందు చూడండి.

హెన్రీ 1135 డిసెంబరులో నార్మండీలో మరణించాడు. శవాన్ని ఇక్కడికి తేవడానికి కాన్ పట్టణంలో వారాల తరబడి గాలి కోసం ఆగవలసి వచ్చింది. ఆలోగా మేనల్లుడు స్టీఫెన్ సముద్రం దాటి వచ్చి కిరీటం పెట్టించుకున్నాడు. 1136 జనవరిలో ఇదే ఆబీలో మేనమామ పాడె మోసినవారిలో అతనూ ఉన్నాడు. కూతురు మటిల్డా తన హక్కు కోసం 1139లో అరండెల్ దగ్గర దిగింది, అంతర్యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. ఇదంతా నేను చెబుతుంటే నాన్నగారు, కూతురినే రాణిని చేయాలని హెన్రీ ముందుగా ఎవరిచేతా ఒట్టు వేయించుకోలేదా అని అడిగారు. వేయించుకున్నాడని, 1127లో ప్రముఖులందరూ ప్రమాణం చేశారని, వారిలో స్టీఫెన్ కూడా ఉన్నాడని చెప్పాను. ఆయన కాసేపు ఆ గోడలనే చూస్తూ నిలబడి, మ్యూజియం మూసేలోగా ఆ రెండు పేటికల బొమ్మ మరొక్కసారి చూద్దామన్నారు. మూసివేతకు ఇంకా అరగంట ఉంది. వెనక్కి నడిచి వెళ్లి చూశాం.