డర్హంలో ఎద్దు, మా నాన్న

మాది టంగుటూరు దగ్గర పల్లె, ఇంటి వెనకే పొగాకు బ్యారన్, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం. ఆ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, జులైలో నార్త్ కరోలినాలోని డర్హం వెళ్లాం. అక్కడి బేస్‌బాల్ టీమ్ పేరు డర్హం బుల్స్, ఆ ఎద్దు వచ్చింది పొగాకు పొట్లం మీద నుంచే. మోరిస్‌విల్‌లో ఉండే మా బావమరిది టికెట్లు తీశాడు. నాకు ఆట పెద్దగా తెలియదు, నాన్నకి అసలే తెలియదు.

శుక్రవారం పొద్దున ముందు డ్యూక్ హోమ్‌స్టెడ్‌కి వెళ్లాం. సిగరెట్ల డబ్బుతో డ్యూక్ యూనివర్సిటీ పెట్టిన కుటుంబం మొదట ఉన్న ఇల్లు అది. టికెట్ లేదు, జనం లేరు, ఎండ మాత్రం మన ఒంగోలు ఎండే. అక్కడ దుంగలతో కట్టిన బ్యారన్ ఒకటుంది. నాన్న గుమ్మంలో తల వంచి లోపలికి చూసి, పైన వరసగా ఉన్న కర్రలు చూపించి, ఆకు ఎట్టా కడతారో, మంట ఎక్కువైతే ఆకు ఎట్టా మాడిపోతుందో నాకు కొత్తగా చెప్పడం మొదలుపెట్టాడు, నేను ఆ కర్రల కిందే పెరిగానన్న సంగతి మర్చిపోయి. ఆకుని పసుప్పచ్చగా కాల్చే పద్ధతి ఈ రాష్ట్రంలోనే 1839లో స్టీఫెన్ అనే బానిస చేతిలో బయటపడిందంటారు. కునుకు పట్టి మంట ఆరిపోబోతే కంగారుగా బొగ్గులు వేశాడట, ఆకు బంగారంలా వచ్చిందట. "బ్యారన్ కాడ కునుకు పట్టని వాడెవడురా" అన్నాడు నాన్న.

హోటల్ సంగతి. స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకున్నాం, పేరు వద్దులెండి. గది బాగుంది, కానీ రాత్రి పార్కింగ్‌కి వేరే డబ్బులని బుకింగ్‌లో ఎక్కడా కనబడేలా లేదు, ఖాళీ చేసేటప్పుడు బిల్లులో చూశాం. అడిగితే నవ్వుతూ సారీ అన్నారు, అంతే. రెండో రాత్రి మోరిస్‌విల్‌లోనే ఉన్నాం. మీకూ ఆ వైపు, క్యారీలోనో మోరిస్‌విల్‌లోనో, మనవాళ్లుంటే అక్కడే దిగండి. కారులో అరగంట, పైగా క్యారీలో వేంకటేశ్వరస్వామి గుడి కూడా చూడొచ్చు.

సాయంత్రం స్టేడియం. 1995లో తెరిచిన ఇటుక కట్టడం, పదివేల మంది పడతారు. ఎదురుగా పాత అమెరికన్ టొబాకో ఫ్యాక్టరీ. అది 1987లో మూతపడింది, ఇప్పుడు ఆఫీసులు, రెస్టారెంట్లు. లక్కీ స్ట్రైక్ అని సిగరెట్ పేరు రాసిన పొగగొట్టం మాత్రం అలాగే ఉంది. ఆటకి గంట ముందొచ్చి అక్కడ తినేయండి, లోపల శాకాహారులకి ఫ్రైస్, పాప్‌కార్న్ తప్ప నాకేం దొరకలేదు.

1902లో టీమ్ పెట్టినప్పుడు పేరు టొబాకోనిస్ట్స్, అంటే పొగాకు వ్యాపారులు, 1913లో బుల్స్ అయింది. బుల్ డర్హం పొగాకు అప్పట్లో ప్రపంచమంతా తెలిసిన సరుకు. అసలు ఆ ఎద్దు కూడా అరువే, ఇంగ్లండ్ ఆవాల పొడి డబ్బా మీద చూసి పెట్టారంటారు. 1972 నుంచి 1979 దాకా ఊళ్లో టీమే లేదు, 1980లో మళ్లీ అదే పేరుతో తెచ్చారు. 1998 నుంచి పెద్ద లీగ్‌లో ఆడే టాంపా బే టీమ్‌కి అనుబంధం. దీన్ని మన రంజీతో పోల్చకండి. ఇక్కడ ఆటగాళ్లు పైటీమ్ సొత్తు, బాగా ఆడితే రాత్రికి రాత్రి పైకి పిలుస్తారు. అందుకే జనం ఆటగాడి కంటే ఎద్దునే గట్టిగా పట్టుకున్నారనిపించింది నాకు. అయితే 18 నంబర్ జెర్సీ ఇక్కడ ఇంకెవరికీ ఇవ్వరు, అది నల్లజాతి ఆటగాడు జో మోర్గాన్‌ది. 1963లో ఈ టీమ్‌కి ఆడినప్పుడు నల్లవాళ్లకి సీట్లు విడిగా ఉండటం చూసి ఆటే మానేద్దామనుకున్నాడట. తర్వాత బేస్‌బాల్ గొప్పవాళ్లకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు.

ఎడమవైపు 32 అడుగుల నీలం గోడ, దాని మీద పెద్ద చెక్క ఎద్దు. 1988లో వచ్చిన 'బుల్ డర్హం' సినిమా కోసం పాత గ్రౌండ్‌లో ఇలాంటిది మొదట పెట్టారు, సినిమావాళ్ల బొమ్మ ఊరి గుర్తయి కూర్చుంది. బంతి ఎద్దుకి తగిలితే స్టేక్ (మాంసం ముక్క), కింద గడ్డి బొమ్మకి తగిలితే సలాడ్ బహుమతి అని రాసుంటుంది. ఫస్ట్ బేస్ వైపు, అంటే కుడివైపు, సీట్లు తీసుకోండి, ఎద్దు ఎదురుగా కనిపిస్తుంది.

నాన్న ఆట చూడలేదు, ఎద్దునే చూశాడు. "మూపురం ఏదిరా దీనికి?" అన్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో బుల్స్ ఆటగాడు హోమ్ రన్ కొట్టాడు, మన సిక్సర్ లాంటిది, ఎద్దు కళ్లు ఎర్రగా వెలిగాయి, తోక ఊగింది, ముక్కుల్లోంచి పొగ. నాన్న లేచి నిలబడ్డాడు, ఈల కూడా వేశాడు, అరవై ఎనిమిదేళ్ల మనిషి.

వచ్చేటప్పుడు షాపులో టోపీ ఇస్తే ధర రూపాయల్లోకి మార్చుకొని వద్దన్నాడు. గేటు దాకా వచ్చాక వెనక్కి తిరిగి, "మూపురం లేకపోతే లేకపోయిందిలే, ఒకటి తీసుకో" అన్నాడు.