కిల్‌మేనమ్ జైలు టూర్: 1916 తెలుసుకుని వెళ్తేనే ఆ గంట దక్కుతుంది

డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు (1916లో బ్రిటిష్ పాలనపై ఐరిష్ వాళ్లు చేసిన సాయుధ పోరాటం) గురించి ఒక్క చోటే చూడగలిగితే, ఈ జైలే చూడాలి. కష్టమల్లా టికెట్ దగ్గరే. గైడ్ లేకుండా లోపలికి పంపరు, ఒక్కో బ్యాచ్‌కి ఇంతమందే అని లెక్క. అధికారిక సైట్‌లో 28 రోజుల ముందు, డబ్లిన్ అర్ధరాత్రికి టికెట్లు పెడతారు. మనకి వేసవిలో అది తెల్లవారుజామున 4:30, చలికాలంలో 5:30. పెద్దలకు 8 యూరోలు. దొరక్కపోతే వెళ్లే రోజు పొద్దున 9:15 నుంచి అదే సైట్ చూస్తుండండి, రద్దయినవి కొన్ని తిరిగొస్తాయి.

ప్రవేశం జైలు గేటు నుంచి కాదు, పక్కనున్న పాత కోర్టు భవనం నుంచి. పావుగంట ముందే చేరుకోండి. రాతి గోడల వల్ల ఎండాకాలంలోనూ లోపల చలేస్తుంది, స్వెట్టర్ ఉండాల్సిందే.

టూర్ సుమారు గంట. 1862లో తెరిచిన తూర్పు విభాగంలో నడుమ నిలబడితే గదుల తలుపులన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి; కాపలా కోసమే అలా కట్టారు. అందరూ ఫోటోలు తీసుకునేది అక్కడే. కానీ అసలు చోటు రాళ్లు కొట్టే పెరడు. 1916 మే 3 నుంచి 12 లోపు 14 మంది తిరుగుబాటుదారులను బ్రిటిష్ సైనికులు అక్కడ కాల్చి చంపారు. మొదటి రోజు పాట్రిక్ పియర్స్, టామ్ క్లార్క్, థామస్ మెక్‌డొనా. మర్నాడు జోసెఫ్ ప్లంకెట్. అంతకు కొన్ని గంటల ముందే జైలు చర్చిలో గ్రేస్ గిఫర్డ్‌తో అతని పెళ్లయింది.

పెరట్లో రెండు శిలువలుంటాయి. ఒకటి 13 మంది పడిన చివర, రెండోది గేటు దగ్గర. ఆ రెండోది జేమ్స్ కానలీది. పోరులో చీలమండ నుజ్జయి నిలబడలేని మనిషిని ఆసుపత్రి నుంచి అంబులెన్స్‌లో తెచ్చి, గేటు పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. ఈ తేడా తెలియకుండా వెళ్తే అవి రెండు కొయ్యలే.

మనవాళ్లకు ఇంకో లంకె ఉంది. వి.వి. గిరి అప్పుడు డబ్లిన్‌లోనే లా చదువుతున్నారు. ఆయన చదివిన యూనివర్సిటీ కాలేజీలోనే మెక్‌డొనా ఇంగ్లిష్ చెప్పేవాడు. గిరి ఐర్లండ్ వదిలిందీ 1916లోనే.

ఆఖరి స్లాట్ మాత్రం తీసుకోకండి. టూర్ తర్వాత మ్యూజియానికి కనీసం అరగంట కావాలి. ఉరిశిక్షకో, తుపాకీ గుళ్లకో ఎదురుచూస్తూ ఖైదీలు ఇంటికి రాసుకున్న చివరి ఉత్తరాలు అక్కడున్నాయి, వాటిని నిలబడి చదవాలి.